ప్యాకెట్ మీద నక్షత్రాలు చూసి గింజలు కొనడం ఎలా?

ఆస్ట్రేలియాలో 2014 నుంచి తిండి ప్యాకెట్ల మీద నక్షత్రాలు వేస్తున్నారు. ఎన్ని ఎక్కువుంటే ఒంటికి అంత మంచిదని. ఫ్రాన్సులో 2017 నుంచి ఎ, బి, సి అక్షరాలు. మన ఆహార భద్రతా సంస్థ కూడా 2022లో నక్షత్రాల ముసాయిదా తెచ్చింది. మరి మన తిండి గింజలకు ఇవి ఎంతవరకు పనికొస్తాయి?

1. ముందు ఆ నక్షత్రాలకు మార్కులు దేనికిస్తారో చూడండి. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు ఎక్కువైతే మార్కులు పోతాయి. పీచు, ప్రొటీన్ ఉంటే కలుస్తాయి. తెల్ల బియ్యంలో ఉప్పూ లేదు, చక్కెరా లేదు. పాలిష్ పట్టి తవుడంతా తీసేసినా పెద్దగా మార్కులు పోవు. చిక్కంతా ఇక్కడే.

2. అందుకే మీరే ఒక భాగాహారం చేయండి. ప్యాకెట్ మీది పిండిపదార్థం (కార్బోహైడ్రేట్) అంకెను పీచు (ఫైబర్) అంకెతో భాగిస్తే 10 లేదా అంతకన్నా తక్కువ రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78, పీచు 2.8. భాగిస్తే 28! దంపుడు బియ్యానికి 17, రాగులకు 6. ప్యాకెట్ మీద పీచు అంకే లేకపోతే నేనైతే దాన్ని తిరిగి అరలో పెట్టేస్తాను.

3. "మల్టీగ్రెయిన్" బిస్కెట్లయితే వెనక్కి తిప్పండి. దినుసులను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి వరసగా రాస్తారు. మొదట మైదా ఉంటే రాగుల బొమ్మ అలంకారానికే.

4. షుగరున్న ఇంట్లో గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, కూడా అడగండి. 55, అంతకు లోపైతే తక్కువ, 70 నుంచి ఎక్కువ. 2011లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 235 రకాల బియ్యం చూస్తే సూచీ 48 నుంచి 92 దాకా వచ్చింది. తక్కువ వచ్చిన వాటిలో మన స్వర్ణ ఉంది. అదేనండీ, పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన ఎంటీయూ 7029. సార్వాలో (ఖరీఫ్‌లో) అదే పండించి, మిల్లుకి తోలేసి, తినడానికి సన్నబియ్యం కొనుక్కునే ఇళ్లు డెల్టాలో ఎన్ని లేవు!

5. ఆఖరికి కంచం. సూచీ ఎంత తక్కువైనా నాలుగు గరిటెల అన్నం నాలుగు గరిటెలే. ఒకటి తగ్గించి, ఆ చోట ముద్దపప్పు, గోంగూర పెట్టుకోండి. రాత్రి అన్నం చల్లారితే అందులో కొంత పిండి అంత తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకోండి. దానికి నక్షత్రాలు ఎవరూ వేయరు.