అమ్మ కోసం ట్రక్కుకి మెట్టు

టెక్సస్‌లో నా టకోమా పికప్ ట్రక్కుకి, బండిని పైకి లేపే 3 అంగుళాల లిఫ్ట్ వేయించి, 33 అంగుళాల టైర్లు తొడిగించా. టైరు వ్యాసం పెరిగినదాంట్లో సగమే ఎత్తుకు కలుస్తుంది. అయినా బండి 4 అంగుళాల పైనే లేచింది. గుంటూరు నుంచి అమ్మ వచ్చాక తెలిసొచ్చింది. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో సీటు పట్టుకుని, "ఇదేం బండిరా, అటకెక్కినట్టుంది" అంది.

ముందు ప్లాస్టిక్ స్టూలు వేశా. ఆవిడ ఎక్కాక అది తీసి వెనక పడేయడం నా డ్యూటీ. తర్వాత చవగ్గా దొరికిన గొట్టం మెట్లు పెడితే, కాలు మోపగానే ఊగాయి. తలుపు కింద రేకుకి బిగించేవి మరి! చివరికి చాసిస్‌కే, అంటే బండి అడుగు చట్రానికే బోల్టులు పడే, కిందికి వేలాడే మెట్లు కొన్నా. వానలో చెప్పు జారకుండా గరుకు పట్టీ అంటించా. వారం తిరిగాక చూస్తే రెండు బోల్టులు వదులు, మళ్ళీ బిగించా.

దిగేటప్పుడు మాత్రం అమ్మ ఇప్పటికీ వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టే దిగుతుంది.