ఇంట్లో చదివిన చురుకు పిల్లల్ని బడిలో ఏ క్లాస్‌లో వేయాలి

మా పాప మూడున్నరేళ్లకే షాపుల బోర్డులు చదివేసేది, ఐదేళ్లకి దోసె ముక్కలు చేసుకుంటూ ఇది పావు, ఇందులో సగం అని లెక్కలు చెప్పేది, సరే అని ఏడేళ్లదాకా ఇంట్లోనే చదివించాం. తర్వాత ఒక స్కూల్‌కి తీసుకెళ్తే నాలుగో క్లాస్ లెక్కల పేపర్ ఇచ్చారు, అన్నిటికీ నోటితో టకటకా చెప్పేసింది, రాయమంటే మాత్రం రెండు లైన్లకే చెయ్యి నొప్పంటూ పెన్సిల్ పడేసింది. తప్పు నాదే, దానికి చదవడం ఇష్టం కదాని రాత సంగతే పట్టించుకోలా.

అందుకే ముందు చెప్పేది ఇది, బడిలో వేయడానికి ఏడాది ముందు నుంచే రోజూ ఓ పావుగంట కాపీ రాయించండి, టైమ్ పెట్టి వర్క్‌షీట్ చేయించండి. చేసినవి డేట్ వేసి ఫైల్‌లో పెట్టండి, "మావాడు చాలా తెలివైనోడండీ" అంటే ఎవరూ నమ్మరు, నోట్‌బుక్ చూపిస్తే కాస్త వింటారు.

క్లాస్ విషయానికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం అసలు బడిలో చేరని పిల్లల్ని కూడా వయసుకి తగ్గ క్లాస్‌లోనే చేర్చుకోవాలి. అది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి. స్కూల్‌వాళ్లు టీసీ అడిగితే, ఎప్పుడూ బడికెళ్లని పిల్లకి అది ఎక్కడ్నుంచి వస్తుంది, బర్త్ సర్టిఫికెట్ తీసుకెళ్లి అదే మాట నెమ్మదిగా చెప్పండి.

మరి రెండు మూడు క్లాసులు ఎగరేయొచ్చా? నేనైతే ఒక్కటి దాటొద్దంటా. ఇప్పుడు ఎగిరినా ముందుకెళ్లాక వయసు దగ్గర ఆగాల్సిందే, ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో టెన్త్‌కి పద్నాలుగేళ్లు నిండాలి, నీట్‌కి పదిహేడు. మన హైదరాబాద్ నైనా జైస్వాల్ ఎనిమిదేళ్లకే టెన్త్ పాసైందిగా అంటారు, అది కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ అనే విదేశీ బోర్డు పరీక్షలో, ఆ బోర్డు వయసు పరిమితి పెట్టదు. ఆ దారే కావాలంటే ఖర్చు, సెంటర్ ముందే కనుక్కోండి.

మా పాపని రెండో క్లాస్‌లోనే వేశాం. లెక్కలకి మాత్రం టీచర్‌ని అడిగి, తన పని అయిపోయాక ఇంటి నుంచి తెచ్చుకున్న ఐదో క్లాస్ పుస్తకం చేసుకునేలా ఒప్పించుకున్నాం, అడగ్గానే ఒప్పుకోలేదు లెండి, మూడుసార్లు తిరిగాను. మీరు జూన్ దాకా ఆగకండి, జనవరిలోనే వెళ్తే ప్రిన్సిపాల్‌కి మీ మాట వినే తీరికుంటుంది.