గొడ్లకొట్టంలో సీజన్ పని దొరకాలంటే

మాది కనిగిరి దాటి పామూరు వైపు పోయే మెట్టప్రాంతం. వాన పడితే కంది, సజ్జ. పడకపోతే బీడు. 2003లో, నాకు 19 ఏళ్ళప్పుడు, కరువుకు తాళలేక మా మేనమామ వెంట ఒంగోలు పక్క పల్లెకు గొడ్ల పనికి పోయాను. అప్పట్నుంచి ఏటా నాలుగైదు నెలలు ఇదే నా బతుకుదెరువు. మా వైపు కుర్రాళ్ళు "అన్నా, మాకూ ఏదన్నా చూడు" అని అడుగుతుంటారు. పని ఉంది తమ్ముడూ. దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అడగాలో తెలియకనే చాలామంది ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు.

ముందు కాలం సంగతి. బర్రెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం లోపల ఈనుతాయి. అందుకని వినాయక చవితి దాటేసరికి పాల కొట్టాల్లో మనుషులు చాలరు. పాలు పిండేవాళ్ళు, దూడల్ని చూసేవాళ్ళు అప్పుడు కావాలి. సంక్రాంతికి ముందు నుంచి ఉగాది దాకా బండలాగుడు గిత్తల దగ్గర పని. మాఘం దాటి నెల్లూరు వైపు, పెన్నా కింద వరికోతలు మొదలైతే గడ్డి పని: కట్టలు మోయడం, వామి వేయడం. ఈ మూడూ కాకుండా ఎండాకాలం మందల్ని మేపుకు తోలే పని ఒకటుంది. కోతలయ్యాక మాగాణి బీళ్ళలో మేపుతారు, పడమటోళ్ళు నల్లమల వైపు తోలతారు. నన్నడిగితే కొత్తవాడు గడ్డి పనితో మొదలుపెట్టడం మేలు. పది కొట్టాలు తిరుగుతావు, ఏ ఆసామి ఎట్లాంటివాడో కళ్ళారా చూస్తావు.

గడ్డి పని అంటే బరువులెత్తడం ఒక్కటే కాదు. ఇప్పుడు మిషను కట్టిన కట్టలు వస్తున్నాయి. కట్ట నడిమధ్య చెయ్యి దూర్చి చూడు. వెచ్చగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. దాన్ని వామిలో పెడితే బూజు పడుతుంది, అది తిన్న గొడ్డుకు జబ్బు చేస్తుంది. వామి అడుగున రాళ్ళో తాటి మొద్దులో పరవాలి, లేదంటే చెద, చెమ్మ. పైన వెన్ను నిటారుగా తీయాలి. మన దగ్గర పెద్ద వానలు తుఫాన్లతో కార్తీకం చుట్టుపక్కల పడతాయి, వెన్ను చదునుగా ఉంటే నీళ్ళు లోపలికి దిగుతాయి. వెన్ను సరిగ్గా తీసేవాడిని ఆసామి మర్చిపోడు.

ఎక్కడ అడగాలి? ఊళ్ళో పెద్ద ఇంటి గేటు దగ్గర నిలబడితే పని దొరకదు. పొద్దున పాలు పోసే కేంద్రం దగ్గరికి పో. ఎవరి కొట్టంలో మనిషి మానేశాడో, ఎవరికి నాలుగు బర్రెలు కొత్తగా వచ్చాయో అక్కడ తెలిసినంత ఇంకెక్కడా తెలియదు. రెండోది పశువుల ఆసుపత్రి. కాంపౌండరు రోజూ ఊరూరా తిరిగే మనిషి. టీకాలప్పుడు గొడ్లను పట్టుకోవడానికి చెయ్యి సాయం చెయ్యి, వారంలో నీ పేరు పది కొట్టాలకు పోతుంది. వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేస్తారు, గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు. మూడోది సంత. చిలకలూరిపేట సంతలాంటి చోట గొడ్లను దించే లారీల దగ్గర నిలబడితే కొన్నవాళ్ళే "తోలుకొస్తావా?" అని అడుగుతారు. నాకు రెండేళ్ళు పని అట్లాగే దొరికింది. చదలవాడ పశుక్షేత్రం, కొండాపురం మండలం చింతలదేవి లాంటి సర్కారు ఫారాలు మాత్రం వేరు. అక్కడ గేటు దగ్గర అడిగితే ఆ పూటే పని ఇస్తారనుకోవద్దు. చూడ్డానికైతే తప్పక పో. మేలురకం ఒంగోలు ఆవు మూపురం, గంగడోలు, నడక ఎట్లా ఉంటాయో కంటికి పట్టించుకుంటే తర్వాత ఆసామితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

నీ పనితనం ఏమిటో మొదటిరోజు ఆసామి కంటే ముందు గొడ్డే తేలుస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకో. నేను మొదట పోయిన చోట గుంజకు రెండు పళ్ళ గిత్త ఒకటి కట్టేసి ఉంది. ఆసామి మంచం మీద కూర్చుని "దాన్ని తొట్టి దగ్గరికి తోలుకుపో" అన్నాడు. నేను ఎనకనుంచి పోయాను, అది కాలు విదిలించింది. మామ నన్ను పక్కకు లాగి, తాను ముందు వైపు నుంచి, కొంచెం పక్కగా, "హో... హో..." అని గొంతు వినిపిస్తూ నడిచాడు. అరచెయ్యి మెడ కింద గంగడోలు మీద పెట్టి నిదానంగా నిమిరాడు. గిత్త చెవులు ముందుకు తిప్పింది, ఊపిరి నెమ్మదించింది. అప్పుడు గాని పలుపు విప్పలేదు. మొత్తం ఐదు నిమిషాలు పట్టింది. ఆసామి ఒక్క మాటా అనకుండా చూస్తూ ఉన్నాడు. మామకు ఆ పూటే పని ఖాయమైంది, నాకు మూడు రోజులు పేడ ఎత్తాక.

పలుపు చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు. మడిచి పట్టుకో, లాగితే వదిలేసేటట్టు ఉండాలి. 2009లో కోడె బెదిరి పరిగెత్తితే నా కుడిచేతి చూపుడు వేలు పలుపులో ఇరుక్కుంది. ఈ రోజుకీ ఆ వేలు పూర్తిగా ముడవదు. ఆ ఆసామి ఆసుపత్రి ఖర్చు ఇవ్వలేదు, పైగా పనికి రాని పది రోజులకు జీతం కోశాడు. ముందే మాట్లాడుకోలేదు కాబట్టి అడగడానికి నా దగ్గర మాట లేకపోయింది.

అందుకే పనిలో దిగకముందే ఇవన్నీ తేల్చుకో: నెలకు ఎంత, ఏ తేదీన ఇస్తారు, తిండి ఎవరిది, పడక ఎక్కడ, ఇంటికి పాలు పోస్తారా, పండక్కి ఎన్ని రోజులు పంపుతారు, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, దూడ చనిపోతే నా జీతంలో కోస్తారా. చివరిది అడగడానికి నోరు రాదు, అయినా అడుగు. మాట్లాడుకున్నది ఫోన్లో వాయిస్ మెసేజ్‌గా ఆసామికే పంపు, "సరే" అనిపించుకో. అడ్వాన్స్ ఒక నెల జీతానికి మించి తీసుకోవద్దు. బాకీ తీరేదాకా పోవద్దని ఎవరైనా కట్టేస్తే అది వెట్టిచాకిరీ, 1976 చట్టం దాన్ని నిషేధించింది. మా నాన్న కాలంలో ఉగాది నుంచి ఉగాదికి జీతం ఉండేవాళ్ళు, బాకీ కొడుక్కు దిగేది. ఆ రోజులు మళ్ళీ మనింటికి రానివ్వకూడదు.

పాల కొట్టంలో అయితే తెల్లారుజామున నాలుక్కే లేవాలి. పిండేముందు ప్రతి చన్ను నుంచి రెండు మూడు ధారలు విడిగా గిన్నెలోకి తీసి చూడు. నలకలో, నీరులాంటి పాలో కనబడితే పొదుగువాపు మొదలైంది. ఆ గొడ్డును చివర్లో పిండు, చేతులు కడుక్కో, ఆసామికి ఆ పూటే చెప్పు. ఈనినప్పుడు దూడకు మొదటి గంటలోనే జున్నుపాలు తాగించాలి. మాయ చేత్తో లాగొద్దు, పన్నెండు గంటలు దాటినా పడకపోతే డాక్టర్ని పిలవాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962, ఫోన్లో పెట్టుకో. ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పడిపోయిన) దూడను, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, వాటినుంచి మనిషికి అంటుకునే జ్వరం నెలల తరబడి పీడిస్తుంది.

మేపుకు తోలేవాడికి నా ఒక్క హెచ్చరిక నాము, అంటే లేత జొన్న విషం గురించి. కోసిన జొన్నచేలో మోళ్ళకు లేత పిలకలు లేస్తాయి, వాన లేక వాడిన లేత జొన్న ఉంటుంది. చూడ్డానికి పచ్చగా నోరూరించే మేత, దాంట్లో విషం ఉంటుంది. నిమిషాల్లో గొడ్డు పొట్ట ఉబ్బి, తూలి పడిపోతుంది. తెలియని పొలంలోకి మందను వదిలేముందు నువ్వు గట్టెక్కి చూడు.

బండలాగుడు గిత్తల దగ్గర పని కొత్తవాడికి ఇవ్వరు. ముందు పాలపళ్ళ విభాగం, అంటే ఇంకా పాలపళ్ళు ఊడని కోడెల దగ్గర చేరితే చాలు. పొద్దున నడిపించడం, చెరువులో ఈత, ఒళ్ళు రుద్దడం, ఉలవలు ఉడకబెట్టడం. అక్కడ రెండు సీజన్లు ఓపిగ్గా ఉంటే పెద్ద జతల దగ్గరికి పిలుపు వస్తుంది.

సీజన్ అయిపోయి బయల్దేరే రోజు లెక్క చూసుకున్నాక, నీ తర్వాత వచ్చేవాడికి ప్రతి గొడ్డు అలవాటూ చెప్పి పో: ఏది ఎడమవైపు నుంచి పిండితేనే పాలిస్తుంది, ఏది తవుడు ముందు పెడితేనే కదలకుండా నిలబడుతుంది. నేను ఆరేళ్ళుగా పోతున్న టంగుటూరు వైపు కొట్టానికి మొదటిసారి ఫోన్ వచ్చింది అట్లా చెప్పి వచ్చినందుకే. ఈ ఏడు వినాయక చవితి తర్వాత వారానికి మళ్ళీ పోతున్నా. ఇంకో ఇద్దరు కావాలన్నాడు ఆసామి. రావాలనుకున్నవాళ్ళు దుప్పటి, టార్చిలైటు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చుకోండి.