అమెరికా తాతమ్మ పుట్టింటి పేరు పట్టుకోవడం ఎలా

మా కోడలిది అమెరికాలో ఒహాయో రాష్ట్రం. మనవరాలికి స్కూల్లో వంశవృక్షం గీయమన్నారంటే మా వైపు ఇంటిపేరు, గోత్రం అన్నీ చెప్పేశాను గానీ, కోడలి అమ్మమ్మకి నాయనమ్మ దగ్గర ఆగిపోయాం. ఏ కాగితం చూసినా ఆవిడ ఫలానా ఆయన భార్యే, పుట్టింటి పేరు లేదు. విశాఖలో మా ఇంట్లో కూర్చునే, రాత్రి భోజనాలయ్యాక కాసేపు కాసేపు వెతికి పట్టుకున్నాను.

ముందు ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఖాతా తెరవండి, ఉచితం. అక్కడ ఎవరో కట్టిన వంశవృక్షాన్ని మాత్రం చూసింది చూసినట్టు ఎక్కించుకోకండి, అసలు కాగితం ఫొటో చూశాకే నమ్మండి.

అమెరికా జనాభా లెక్కలు కొత్తవాటి నుంచి వెనక్కి చదవాలి. 1840 దాకా ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు, ఆడవాళ్లు వయసుల వారీగా ఉత్త అంకెలు. 1850 నుంచి అందరి పేర్లూ ఉంటాయి, కానీ బానిసత్వంలో ఉన్నవాళ్లకి 1870 దాకా ఆ పాటి కూడా దక్కలేదు. 1880లో తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో రాశారు. నాకు ప్రాణం లాంటిది 1900 లెక్క. ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని తల్లుల్ని అడిగి రెండు గళ్లలో రాశారు. ఈవిడ గళ్లలో 7, 4 అని ఉంది. 1890 లెక్కలు దాదాపు అన్నీ 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి, తడిసి, మిగిలినవి తర్వాత ప్రభుత్వమే పారేయడంతో పోయాయి కాబట్టి, 1880 తర్వాత పుట్టి 1900 లోపు పోయిన బిడ్డలు ఏ లెక్కలోనూ కనపడరు. ఆ రెండంకెలే వాళ్ల గుర్తు. అది చూసిన రాత్రి నేనింకేమీ వెతకలేకపోయాను.

పుట్టింటి పేరు కావాలంటే ఆవిడని వదిలేసి పిల్లల వెంట పడండి. ఒహాయోలో 1908 చివర్నుంచి మరణ ధ్రువీకరణ పత్రాలున్నాయి, వాటిలో తల్లి పుట్టింటి పేరుకి ఒక గడి ఉంటుంది. ఒక బిడ్డది ఖాళీగా ఉంటే ఇంకో బిడ్డది చూడండి, నాకు ఆఖరి కొడుకు పత్రంలో దొరికింది.

భర్త అమెరికా అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసి ఉంటే వితంతు పెన్షన్ ఫైలు తెప్పించుకోండి, డబ్బు కట్టినా తప్పులేదు. పెళ్లయినట్టు రుజువు చూపించాలి గనక కొందరు ఇంటి బైబిల్లోంచి పుట్టినరోజులు రాసుకున్న పేజీలే చింపి పంపేవారు.

పేర్లతో జాగ్రత్త. మనం సుబ్బలక్ష్మిని సుబ్బులు అన్నట్టే అక్కడ మేరీని పాలీ అని, సారాని శాలీ అని, మార్తాని ప్యాట్సీ అని పిలిచేవారు, రెండు పేర్లతోనూ వెతకాలి. సమాధి రాయి మీద రెలిక్ట్ అని ఉంటే వితంతువని అర్థం. సమాధుల వివరాలుండే ఫైండ్ ఎ గ్రేవ్ వెబ్‌సైట్‌లో ఫొటో అడిగేటప్పుడు ఏటవాలు ఎండలో తీయమనండి, అరిగిన అక్షరాలు కూడా నీడల వల్ల తేలి కనిపిస్తాయి. మన భీమిలి డచ్ సమాధుల దగ్గర సాయంత్రం నిలబడి చూడండి, ఎందుకో తెలుస్తుంది.

పుట్టింటి పేరు దొరికాక 1870 లెక్క తెరిచాను. నాన్న, అమ్మ, ఇద్దరు అన్నలు, కింద తను, పదేళ్లు. ఆ ఏడు బడికెళ్లింది అనే గడిలో ఒక చిన్న గీత. వీడియో కాల్‌లో మనవరాలికి ఆ గీతే ముందు చూపించాను.