చార్టర్ స్కూల్ ఆడిట్ రిపోర్టు చదవడం ఎలా? చివరి పేజీల నుంచి మొదలుపెట్టండి

కాలిఫోర్నియాలో పిల్లల్ని చార్టర్ స్కూల్‌కి, అంటే ప్రభుత్వ డబ్బుతో నడిచినా విడి బోర్డు చేతిలో ఉండే స్కూల్‌కి, పంపే తెలుగువాళ్లను చాలామందిని చూశాను. ఫీజు కట్టం కదా, లెక్కలతో మనకేం పని అనుకుంటారు. ఫీజు లేకపోయినా డబ్బు మనదే. పిల్లల సగటు రోజువారీ హాజరును బట్టి రాష్ట్ర ప్రభుత్వం పన్నుల సొమ్ము ఇస్తుంది. స్కూల్‌ని నడిపేది మాత్రం ఎక్కువగా ఒక నాన్‌ప్రాఫిట్ సంస్థ బోర్డు. ఆ బోర్డును మనం ఎన్నుకోం. కాబట్టి కాగితాలు చదవడమే మన చేతిలో ఉన్న పని.

నేను ఏటా ఈ కాగితాలు తెప్పించుకుని చదువుతాను, అడిగిన తల్లిదండ్రులతో కలిసి కూర్చుని చదివిపెడతాను. దాదాపు అందరిదీ ఒకటే పొరపాటు. ఎంత ఖర్చయింది అని చూస్తారు. ఎవరికి వెళ్లింది అని చూడరు.

కావలసినవి నాలుగే: తాజా ఆడిట్ రిపోర్టు, ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) సంస్థ ఏటా ఇచ్చే ఫారమ్ 990, బోర్డు సభ్యులు తమ ఆర్థిక ప్రయోజనాలు వెల్లడించే ఫారమ్ 700, ఆ ఏడాది చెక్ రిజిస్టర్ (ఎవరికి ఎంత చెక్కు ఇచ్చారో చూపే జాబితా). స్కూల్ లెక్కల సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఆడిట్ ఇవ్వడానికి గడువు డిసెంబర్ 15. కాబట్టి సెప్టెంబర్‌లో అడిగి, ఇవ్వలేదని కోప్పడకండి. ఫారమ్ 990 చాలా సంస్థలది ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది.

మిగతావి ఈమెయిల్‌లో అడగండి. 2019లో వచ్చిన ఎస్‌బీ 126 చట్టం ప్రకారం 2020 జనవరి 1 నుంచి చార్టర్ స్కూళ్లకు కూడా పబ్లిక్ రికార్డ్స్ చట్టం, బహిరంగ సమావేశాల చట్టం వర్తిస్తాయి. మన దేశంలో సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఇక్కడ దరఖాస్తు ఫీజు లేదు, 10 రోజుల్లో జవాబివ్వాలి. అయితే ఆ 10 రోజులు ఇస్తారో లేదో చెప్పడానికే, కాగితాలు చేతికి రావడానికి కాదు. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో మరో 14 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. ఒక ఈమెయిల్‌లో ఒకే కాగితం అడగాలి, ఏ నెల నుంచి ఏ నెల వరకో రాయాలి. "ఆర్థిక రికార్డులన్నీ పంపండి" అని రాస్తే నెలలు గడిచిపోతాయి.

రిపోర్టు ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చదివితే ఈ పని కాదు. మొదట్లో ఆడిటర్ అభిప్రాయం ఉంటుంది. "అన్‌మాడిఫైడ్" అని కనిపించగానే అంతా బాగుందని పక్కన పెట్టేస్తారు. ఆ మాటకు అర్థం, లెక్కలు రాయాల్సిన పద్ధతిలో రాశారని మాత్రమే. డబ్బు సరైన పనికి పోయిందని కాదు. ఆడిటర్‌ని పెట్టుకునేదీ, ఫీజు ఇచ్చేదీ స్కూలే అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆదాయం, ఖర్చు, మిగులు పట్టికలు ఐదు నిమిషాల్లో చూసేయండి.

ఇక అసలు పని. రిపోర్టు వెనక వైపున నోట్స్ ఉంటాయి. వాటిలో "రిలేటెడ్ పార్టీ ట్రాన్సాక్షన్స్" అనే నోట్ వెతకండి. అంటే స్కూల్‌ని నడిపేవాళ్లతో సంబంధం ఉన్న సంస్థలకు వెళ్లిన డబ్బు. బిల్డింగ్ అద్దె, మేనేజ్‌మెంట్ ఫీజు, అప్పులు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తాయి. అక్కడున్న ప్రతి పేరు కింద పెన్సిల్‌తో గీత గీయండి. అదే పేరు ఫారమ్ 990కి జతచేసే షెడ్యూల్ ఎల్, షెడ్యూల్ ఆర్ అనే పట్టికల్లో ఉందా? బోర్డు సభ్యుల ఫారమ్ 700లో ఉందా? చెక్ రిజిస్టర్‌లో ఆ పేరు మీద ఎన్ని చెక్కులు వెళ్లాయి? ఒక కాగితంలో ఉండి మరో కాగితంలో లేని పేరు దగ్గర ఆగండి.

ఇక్కడే తొందరపడకూడదు. తేడా దొరికింది అనుకునే ముందు మూడు సంగతులు చూసుకోవాలి.

ముందు సంవత్సరం. ఆడిట్ మీద "జూన్ 30, 2023" అని ఉంటుంది. అదే సంవత్సరపు ఫారమ్ 990 మీద మాత్రం 2022 అని ఉంటుంది, ఎందుకంటే దాని పేరు సంవత్సరం మొదలైన తేదీని బట్టి వస్తుంది. 2023 ఆడిట్ పక్కన 2023 ఫారమ్ పెట్టి, లక్షల డాలర్లు మాయమయ్యాయని టెన్షన్ పడినవాళ్లను నేను చూశాను.

తర్వాత, ఎన్ని స్కూళ్ల లెక్క? ఒకే సంస్థ చాలా స్కూళ్లు నడుపుతుంటే ఒక్క ఆడిట్‌లో అన్నీ కలిపి ఉంటాయి. వెనకాల అదనపు పట్టికల్లో మీ స్కూల్ అంకెలు విడిగా ఉన్నాయేమో చూడండి. మేనేజ్‌మెంట్ ఫీజు శాతం మీ స్కూల్ ఆదాయం మీదే లెక్కగట్టాలి.

చివరిది, చెక్కుల మొత్తం. జూన్‌లో వచ్చిన బిల్లుకు చెక్కు జూలైలో వెళ్లవచ్చు. ఆడిట్ దాన్ని జూన్ ఖర్చుగా చూపిస్తుంది. అంకెలు డాలరుతో సహా కలవాలని పట్టుబట్టకండి.

ఇంత చూశాక కూడా తేడా ఉంటే, అది ప్రశ్న మాత్రమే. సంబంధం ఉన్నంత మాత్రాన దొంగతనం కాదు. బిల్డింగ్ కోసం వేరే నాన్‌ప్రాఫిట్ పెట్టి, స్కూల్ దానికి అద్దె కట్టడం మామూలే, చట్టబద్ధమే. ఒక స్కూల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో ఇలాంటి అద్దె చూసి "తినేస్తున్నారు" అని రాశారు. తీరా చూస్తే అది స్కూల్ సొంత అనుబంధ సంస్థ. ఆ తర్వాత మేము ఏ న్యాయమైన ప్రశ్న వేసినా ఏడాది పాటు ఎవరూ వినిపించుకోలేదు. వాట్సాప్ పద్ధతి కంటే నా పద్ధతి నిదానం. కానీ ఇందులో తప్పుడు నింద ఉండదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నిజంగా మోసం జరిగిన చోట కూడా డబ్బు పోయేది సంబంధిత సంస్థల దారిలోనే. ఏ3 అనే సంస్థ నడిపిన ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ల వ్యవహారంలో 2019లో శాన్ డియాగోలో 11 మందిపై కేసు పెట్టారు. వేసవి ఆటల శిబిరాలకు వచ్చిన పిల్లల పేర్లు కూడా విద్యార్థులుగా చూపించి డబ్బు తీసుకున్నారని, దాన్ని తమ కంపెనీలకు మళ్లించారని అభియోగం. ప్రధాన నిందితులు ఇద్దరూ 2021లో నేరం ఒప్పుకున్నారు. ఆ స్కూళ్లకు అనుమతి ఇచ్చి పర్యవేక్షించాల్సిన వాటిలో బాగా చిన్న స్కూల్ డిస్ట్రిక్టులు (ప్రభుత్వ స్కూళ్లు నడిపే స్థానిక సంస్థలు) ఉన్నాయి. పర్యవేక్షణకు వాటికి ఫీజు కూడా వస్తుంది, మామూలుగా స్కూల్ ఆదాయంలో 1 శాతం దాకా. అంటే పైన ఒకరు చూస్తున్నారులే అన్న ధీమాతో కూర్చోలేం.

ప్రశ్న సిద్ధమయ్యాక బోర్డు మీటింగ్‌కి వెళ్లండి. రెగ్యులర్ మీటింగ్ ఎజెండా 72 గంటల ముందు పెట్టాలి. చాలాచోట్ల చెక్ రిజిస్టర్‌ని చర్చ లేకుండా ఒకేసారి ఆమోదించే అంశాల్లో కలిపేస్తారు, అక్కడ వెతకండి. ప్రశ్న ఒక్కటే, రాసుకుని చదవండి: "ఫలానా సంస్థకు ఇంత చెల్లించినట్టు 14వ నోట్‌లో ఉంది. ఈ కాంట్రాక్ట్‌ని బోర్డు ఏ తేదీన ఆమోదించింది? ఆ ఓటులో ఎవరు పాల్గొనలేదు?" అక్కడికక్కడే జవాబు చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు. మర్నాడే అదే ప్రశ్న ఈమెయిల్‌లో పంపి, ఆ తేదీ మినిట్స్ (మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిన రికార్డు) అడగండి.

జవాబు రాకపోతే స్కూల్‌కి చార్టర్ (నడిపే అనుమతి) ఇచ్చిన డిస్ట్రిక్టుకి నాలుగు కాగితాలూ జతచేసి రాయండి. అక్కడా కదలిక లేకపోతే కౌంటీ స్కూళ్ల అధికారి అయిన కౌంటీ సూపరింటెండెంట్‌కి రాయండి. మోసం జరిగిందని నమ్మడానికి కారణం కనిపిస్తే చార్టర్ స్కూల్ ఖర్చులను ఆడిట్ చేయించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. ఆ ఉత్తరంలో విశేషణాలు వద్దు, పేజీ నంబర్లు రాయండి.