స్కైరిమ్ మ్యాప్ మరమ్మతు, 3వ పాఠం: మీరు రాసింది గేమ్ చదువుతోందా?

ఈసారి మ్యాప్ మీద బాటలు వేద్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం తర్వాత మొదలైన లొల్లి తేలకుండా అటు వెళ్లలేను. అందులో స్కైరిమ్ గేమ్ సెట్టింగులుండే ఐఎన్ఐ ఫైలులో మ్యాప్ మీది మబ్బులు తీసేసే లైను, మ్యాప్‌ను తిప్పే లైను, పైనుంచి చూపే వంపు లైను రాయమన్నాను. అందరిదీ ఒకటే మాట: "అన్నా, నువ్వు చెప్పినట్టే రాసినం, మబ్బులు పోలే." ఒక తమ్ముడైతే మబ్బుల లైను మూడు చోట్ల రాశాడట.

లైనులో తప్పు లేదు. మీరు రాసిన ఫైలును గేమ్ తెరవడమే లేదు.

2011 నాటి గేమ్‌కు డాక్యుమెంట్స్ లోపలి మై గేమ్స్‌లో ఉండే ఫోల్డర్ పేరు ఉత్త స్కైరిమ్. 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌కు దాని పేరుతోనే వేరే ఫోల్డర్ ఉంటుంది. రెండూ ఆడినవాళ్ల దగ్గర రెండూ ఉంటాయి, చేయి పాతదాని మీదకే పోతుంది.

దీనికంటే పెద్ద తలనొప్పి మాడ్లను, అంటే గేమ్‌కు ఆటగాళ్లు చేసిన మార్పులను, ఎక్కించే మాడ్ ఆర్గనైజర్ 2 అనే ప్రోగ్రామ్ వాడేవాళ్లది. అందులో ప్రొఫైల్స్ తెరిస్తే, ఈ ప్రొఫైల్‌కు సొంత ఐఎన్ఐ ఫైళ్లు వాడాలా అని ఒక టిక్కు పెట్టె కనిపిస్తుంది. టిక్కు ఉంటే డాక్యుమెంట్స్‌లోని ఫైలును గేమ్ కన్నెత్తి చూడదు. హన్మకొండ చౌరస్తాలో దుకాణం ఎత్తేసి కాజీపేటకు పోయినాయన కోసం పాత షటర్‌కు చీటీ అంటిస్తే ఆయన ఎట్లా చదువుతాడు? టూల్స్ గుర్తు నొక్కి ఐఎన్ఐ ఎడిటర్ తెరవండి, అందులోనే రాయండి. ఇది తెలియక నేను రెండు రాత్రులు గ్రాఫిక్స్ కార్డును తిట్టుకున్నాను.

నోట్‌ప్యాడ్‌తో కొత్తగా ఫైలు చేసినవాళ్లు దాని చివర టీఎక్స్‌టీ అని తోక మిగిలిందేమో చూడండి. విండోస్ ఆ తోకను దాచేస్తుంది. మ్యాప్‌మెనూ అనే విభాగం ఫైలులో రెండుసార్లు ఉంటే రెండోదాన్ని లెక్కలోకి తీసుకోదు. కాబట్టి కొత్త లైన్లు మొదటి దాని కిందే చేర్చండి.

సరైన ఫైలేనా అని తేల్చుకోవడానికి నేను మబ్బుల లైను వాడను, మ్యాప్ ఎంత తిరగాలో చెప్పే తిరుగుడు లైను ఒక్కటే రాస్తాను. మామూలుగా దాని విలువ 80, అంటే మ్యాప్ కొంచెం తిరిగి ఆగిపోతుంది. 400 పెట్టి, సేవ్ లోడ్ చేసి, మ్యాప్ తిప్పండి. గుండ్రంగా తిరిగితే ఫైలు అదే, మిగతావి అందులోనే రాయండి. ఆగిపోతే ఇంకో లైను రాయకండి, ఫైలు వెతకండి.

మ్యాప్‌ను నిలువుగా పైనుంచి చూపేలా వంపు 90 ఎందుకు పెట్టమన్నావని ఒకరు అడిగారు. వరంగల్ కోటను రోడ్డు మీద నిలబడి చూస్తే మట్టికట్ట ఒక్కటే కనిపిస్తుంది. నిలువుగా పైనుంచి చూస్తేనే వలయంలో వలయం, నడుమ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు తెలుస్తాయి. గుట్టల వెనక దాగిన లోయల సంగతీ అంతే.

ఇక బాటలు. గేమ్‌లో మ్యాప్ అనేది బొమ్మ కాదు, దూరపు నేలనే ఆకాశం నుంచి చూపిస్తారు. ఎ క్వాలిటీ వరల్డ్ మ్యాప్ అనే మాడ్ ఆ నేల పూతను మార్చి బాటలు గీస్తుంది. మాడ్ ఎక్కించడం మీకు తెలిసిందే. చదును బాటల రకం తీసుకోండి. కాగితం రకం ఫొటోలకు బాగుంటుంది గానీ నాకు నచ్చదు. దూరపు నేలను కొత్తగా తయారుచేసే ఎక్స్‌లాడ్‌జెన్ అనే పనిముట్టుతో నేల చేసుకున్నవాళ్లకు బాటలు మాయమవుతాయి. మాడ్ ఆర్గనైజర్ ఎడమ జాబితాలో కింద ఉన్నదే గెలుస్తుంది కాబట్టి ఈ మాడ్‌ను ఎక్స్‌లాడ్‌జెన్ చేసిన నేల కిందకు లాగండి.

అభ్యాసం: గేమ్‌లో వైట్‌రన్ పట్టణం నుంచి ఐవార్‌స్టెడ్ ఊరికి నడిచి వెళ్లండి. మ్యాప్ మీద నొక్కి ఒక్కసారే చేరిపోయే ఫాస్ట్ ట్రావెల్ వద్దు, బండి వద్దు, గుర్రం వద్దు. బయలుదేరే ముందు మలుపులన్నీ కాగితం మీద రాసుకోండి, దారిలో మూడుసార్లకు మించి మ్యాప్ తెరవకండి. చేరాక 7,000 మెట్ల దారి పట్టి కొండ మీది మఠం హై హ్రోత్‌గార్ దాకా ఎక్కండి. నడుమ మంచు ట్రోల్ అనే రాక్షస మృగం ఒకటి ఉంటుంది, సేవ్ చేసుకుని ఎక్కండి.