ఇంటి దగ్గర నర్సింగ్ పాఠాలు – 5: ధైర్యం చెప్పడం, సంతకం దగ్గర నిలబడటం

ఈసారి సమ్మతి పత్రం, అంటే ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ రోగి సంతకం చేసే కాగితం గురించి చెబుతానని పోయిన పాఠంలో రాశాను. చెబుతాను, కాకపోతే రెండో సగంలో. నాలుగో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక వాటిని పక్కనపెట్టి ముందుకు పోబుద్ధి కాలేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఆ అభ్యాసం మరోసారి. మీది నైట్ డ్యూటీ, గైనిక్ వార్డు. రేపు పొద్దున గర్భసంచి తీసే ఆపరేషన్ ఉన్న 42 ఏళ్ళావిడ రాత్రి పదిన్నరైనా పడుకోకుండా మంచం మీద కూర్చుని ఉంది. మీరు వెళ్ళి ఏం మాట్లాడతారు? తర్వాత నర్సెస్ రికార్డులో ఏం రాస్తారు?

చాలామంది జవాబు ఒకటే. "ఏం కాదమ్మా, టెన్షన్ పడకండి. మన డాక్టరు గారి చెయ్యి చాలా మంచిది. హాయిగా పడుకోండి." రికార్డులో: "రోగికి ధైర్యం చెప్పడమైనది." కొందరు దుప్పటి కూడా కప్పి వచ్చారు. దుప్పటికి మార్కులు వేశాను. మిగతాదానికి వేయలేకపోయాను.

ఆవిడ దేనికి మేలుకుని ఉందో అడిగినవాళ్ళు చాలా తక్కువ. అడగకుండానే "ఏం కాదు" అన్నారు. దేనికి ఏం కాదు? ఆవిడ మనసులో ఏముండొచ్చో చూడండి. వెన్నులో సూది ఇస్తే జన్మంతా నడుం నొప్పి ఉంటుందని ఎవరో చెప్పి ఉండొచ్చు. గర్భసంచి తీసేస్తే కాపురం ఏమవుతుందోనన్న బెంగ ఉండొచ్చు. ఇంటి దగ్గర గేదెలకు పాలు ఎవరు పిండుతారన్నది కావచ్చు. ఆరోగ్యశ్రీలో డబ్బు మొత్తం వస్తుందా, ఇంకేమైనా కట్టాలా అన్నది కావచ్చు. రోజూ వేసుకునే బీపీ మాత్ర రేపు పొద్దున వేసుకోవాలో వద్దో ఎవరూ చెప్పలేదేమో. ముందుపన్ను ఒకటి కదులుతోంది, చెబితే నవ్వుతారేమోనని ఊరుకుందేమో. ఈ చివరి రెండూ మత్తు డాక్టరుకు తప్పకుండా తెలియాలి. గొంతులో గొట్టం వేయాల్సి వస్తే ఆ కదిలే పన్ను ఊడి లోపలికి జారే ప్రమాదం ఉంది. "ఏం కాదు" అన్న నిమిషంలో ఈ సమాచారమంతా ఆవిడ దగ్గరే ఉండిపోయింది. "సరే సిస్టర్" అని పక్కకు తిరిగి పడుకుంటుంది. మీరేమో పని అయిందనుకుంటారు.

ఇంకొకటి. ఆవిడకు దాహం వేసి తెల్లవారుజామున నాలుగింటికి కాస్త టీ తాగుదామనుకుంటోంది. నీళ్ళలాంటిదే కదా అని ఆవిడ లెక్క. మత్తు ఇచ్చేముందు మామూలు మంచినీళ్ళకు 2 గంటలు, తేలికపాటి తిండికి 6 గంటలు విరామం అడుగుతారు. మన టీలో పాలే ఎక్కువ, కాబట్టి దాన్ని తిండి కిందే లెక్కేయాలి. కూర్చుని మాట్లాడితే ఈ సంగతి దానంతటదే బయటపడుతుంది. ధైర్యం చెప్పి వెళ్ళిపోతే పొద్దున ఎనిమిదింటికి థియేటర్ బయట బయటపడుతుంది.

గైనిక్ వార్డు వదిలేసి మెడికల్ వార్డుకు రండి. 55 ఏళ్ళాయన, షుగర్ ఉంది. "గ్యాస్ పట్టినట్టుంది సిస్టర్, ఛాతీ బరువుగా ఉంది" అన్నాడు. నుదుటి మీద చెమట. మన జనానికి పొట్టలో, ఛాతీలో, వీపులో ఏం వచ్చినా గ్యాసే. "ఏం కాదు, రాత్రి పప్పు తిన్నారు కదా" అన్నారంటే అయిపోయినట్టే. షుగర్ ఉన్నవాళ్ళలో గుండెపోటు నొప్పి లేకుండానే రావొచ్చు, ఉత్త ఆయాసంగానో నీరసంగానో చెమటగానో రావొచ్చు. ఇలాంటి మాట వినపడ్డాక 10 నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరు కంట పడాలి.

బాలింత "బిడ్డ సరిగా పాలు తాగట్లేదు" అంటుంది. "మొదట్లో అంతే, ఏం కాదు." కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని కుర్రాడు "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయక్కా" అంటాడు. "కట్టు కొత్త కదా, ఏం కాదు." పిండి కట్టు బిగుసుకుని రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. పెద్దావిడ "కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది. "వయసు కదమ్మా." చూడండి, ప్రతిచోటా రోగి మనకో లక్షణం చేతిలో పెడుతున్నాడు, మనం ఓదార్పు మాటతో తిప్పి పంపుతున్నాం. నాకు చిరాకు పుట్టించేది ఇదే. మొరటుగా మాట్లాడే నర్సు తప్పు చేస్తే పదిమందికీ కనపడుతుంది. తియ్యగా మాట్లాడి చేసిన తప్పు ఎవరికీ కనపడదు, రోగి బంధువులు పైగా మెచ్చుకుంటారు.

ఇది నా పంతమేమీ కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో అచ్చయిన తన నర్సింగ్ పుస్తకంలో రోగి దగ్గరికొచ్చి ఊరికే ఆశలూ సలహాలూ వల్లించే వాళ్ళ మీద ఒక అధ్యాయమే రాసింది. నూట అరవై ఏళ్ళు దాటినా వార్డుల్లో అవే మాటలు.

ఒకరు కాస్త కోపంగానే రాశారు. "మేడం, మన దగ్గర పేషెంట్లు ఆ మాట కోసమే ఎదురుచూస్తారు. అనకపోతే ఇంకా భయపడతారు. ధైర్యం చెప్పడమే తప్పా?" తప్పు కాదు. మీకు నిజంగా తెలిసినదీ మీ చేతిలో ఉన్నదీ చెప్పండి. "ఆపరేషన్ బాగా జరుగుతుంది" అన్నది మీ చేతిలో లేదు. "నేను మళ్ళీ పన్నెండింటికి వస్తాను" అన్నది ఉంది. అన్నాక పన్నెండింటికి వెళ్ళాలి. నలభై మంచాలకు ఒక్కరే ఉన్న రాత్రి అలా మాట ఇవ్వకండి. "పిలిస్తే వస్తాను, కొంచెం ఆలస్యం కావచ్చు" అనండి. జనానికి ఆలస్యం అర్థమవుతుంది.

ఇప్పుడు ఎలా మాట్లాడాలో చూద్దాం. చేతులు కడుక్కోవడం, పేరూ మంచం నంబరూ సరిచూసుకోవడం, తెర లాగడం మీకు తెలిసినవే కనుక వదిలేస్తున్నాను.

స్టూలు లాక్కుని కూర్చోండి. నిలబడి అడిగితే సగం జవాబే వస్తుంది.

"నిద్ర పట్టట్లేదా అమ్మా?"
"ఏం లేదు సిస్టర్."
(ఇక్కడ మీరు మాట్లాడకూడదు. మనసులో పది లెక్కపెట్టుకోండి.)
"వెన్నులో సూది ఇస్తారంట కదా."
"అవును, డాక్టరు గారు అలాగే రాశారు. దాని గురించి ఏం విన్నారు?"
"మా ఆడపడుచుకు ఇచ్చారు. అప్పట్నుంచీ నడుం వంచలేకపోతోంది."
"మీకూ అలా అవుతుందేమోనని ఉందా?"
"ఆ. నేను పొలం పనికి పోవాలి. నడుం పోతే ఎవరు చూస్తారు?"
"ఈ మాట మత్తు డాక్టరు గారికి ఇప్పుడే చెబుతాను. సూది ఇచ్చేముందే మీరు ఆయన్ని అడగండి. ఇంకేమైనా ఉందా?"

ఆ చివరి "ఇంకేమైనా ఉందా" వదిలేయకండి. పన్ను సంగతి అప్పుడే వస్తుంది. ఇక వెన్ను సూది గురించి మీరు తెలుసుకోవాల్సింది: గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు, కొందరికి కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే తలనొప్పి రావచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నడుం నొప్పికి ఆ సూదే కారణమని తేలలేదు. తెలిసినా సరే, వివరంగా చెప్పే పని మత్తు డాక్టరుకే వదలండి. ఆవిడ ఒంటి సంగతి ఆయన చూశాడు, మీరు చూడలేదు.

"ఎందుకు భయపడుతున్నారు?" అని మాత్రం అడగొద్దు. నేరం అడిగినట్టుంటుంది, "భయమేం లేదు" అనేస్తారు.

రికార్డు ఇలా ఉండాలి: "రాత్రి 10.40. మంచం మీద కూర్చుని ఉన్నారు. 'వెన్నులో సూది ఇస్తే నడుం పోతుంది' అన్నారు. కింది ముందుపన్ను కదులుతోందని చెప్పారు. మత్తు డాక్టరుకు ఫోనులో తెలిపాను, ఆపరేషన్ ముందు వచ్చి మాట్లాడతామన్నారు. 12.05: నిద్రపోతున్నారు." వార్డులో మీరు రాసేది ఇంగ్లీషులోనే అని తెలుసు. అయినా రోగి అన్న మాటను తెలుగు లిపిలోనే కొటేషన్లో పెట్టడం నాకిష్టం. సలుపు, పోటు, గుంజు, తిమ్మిరి అన్నీ కలిపి ఇంగ్లీషులో ఒకే నొప్పిగా మార్చేస్తే డాక్టరుకు పనికొచ్చే తేడా పోతుంది. కొన్ని ఆసుపత్రుల్లో ఒప్పుకోరు, ముందు అడిగి తెలుసుకోండి. అంతదాకా ఆప్రాన్ జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి.

ఇప్పుడు సమ్మతి పత్రం. స్వయంనిర్ణయం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అనే నాలుగు నీతి సూత్రాలు మీ పుస్తకంలో ఉన్నాయి. పరీక్షకు చదువుకోండి, ఇక్కడ మళ్ళీ రాయను.

మన ఆవిడ దగ్గరికే వెళదాం. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంటే ఈ ఫారం మీ చేతిలోకి చాలాసార్లు వస్తుంది.

ఆపరేషన్ ఏమిటి, వేరే దారులేమున్నాయి, ఏం ఇబ్బందులు రావచ్చు అన్నవి చెప్పాల్సింది సర్జన్. మీరు సాక్షి. ఆవిడే సంతకం చేసిందని, తెలివిలో ఉండి చేసిందని, ఎవరూ బలవంతపెట్టలేదని మీ సంతకానికి అర్థం. అందుకే మగత తెచ్చే మందు ఇవ్వకముందే ఇది అయిపోవాలి. అడ్మిషన్ రోజు కౌంటర్ దగ్గర పది కాగితాల కట్టలో కలిపి చేయించిన సంతకానికి, ఖాళీలు నింపని ఫారానికి మీరు సాక్షి సంతకం పెట్టకండి.

పెట్టేముందు ఒకే ప్రశ్న. "రేపు మీకు ఏం చేస్తారని డాక్టరు గారు చెప్పారు? మీ మాటల్లో చెప్పండి." "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు, డిగ్రీ చదివినవాళ్ళు కూడా. ఆవిడ "లోపల గడ్డ ఉందంట, అది తీసేస్తారు" అంది, ఫారంలో గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీస్తామని ఉంది అనుకోండి. ఆగిపోండి. మీరు వివరించడం మొదలుపెట్టకండి. సర్జన్‌కు ఫోన్ చేసి "ఆవిడకు గడ్డ ఒక్కటే తీస్తారని అర్థమైంది, మీరొకసారి మాట్లాడాలి" అని చెప్పండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, ఫోన్ చేసిన టైము రాసుకోండి.

ఇది ఎంత దూరం వెళుతుందో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన సమీరా కోహ్లీ తీర్పులో ఉంది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత లాపరోస్కోపీ పరీక్షకు (పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూడటం) ఒప్పుకుని సంతకం చేసింది. ఫారంలో పొట్ట తెరవాల్సి రావచ్చని కూడా ఉంది. ఆవిడ మత్తులో ఉండగా సహాయక డాక్టరు బయటికొచ్చి తల్లి సంతకం తీసుకున్నారు. గర్భసంచి, అండాశయాలు, అండనాళాలు తీసేశారు. ప్రాణాపాయమేమీ లేదు కాబట్టి ఆవిడకు మెలకువ వచ్చేదాకా ఆగి అడగాల్సిందని, సొంతంగా నిర్ణయం తీసుకోగల మేజర్ కాబట్టి తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. డాక్టరుకు ఫీజు దక్కలేదు, 25,000 రూపాయల పరిహారం కట్టమంది. ప్రాణం పోయే పరిస్థితి అయితే లెక్క వేరు, అప్పుడు ఆగనక్కర్లేదు.

"మరి భర్త సంతకం?" అని ముగ్గురు నలుగురు ముందే అడిగేశారు. పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్లకు భార్యాభర్తలిద్దరి సమ్మతి కావాలని డాక్టర్ల 2002 నియమావళి అంటుంది. అందుకే ఆయన సంతకమూ తీసుకుంటారు. అది ఆవిడ సంతకం పక్కన ఉండాలి, దాని బదులు ఉండకూడదు. చట్టప్రకారం గర్భం తీయించుకోవడానికి వస్తే 18 నిండిన స్త్రీ ఒక్కరి సమ్మతి చాలు, అక్కడ భర్త సంతకం కోసం పట్టుబట్టడమే తప్పు.

"నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి సిస్టర్" అనే కొడుకుల సంగతి ఆరో పాఠంలో.

అభ్యాసం. ఎప్పుడైనా ఆపరేషన్ అయిన ముగ్గురిని మీ ఇంట్లోనో వీధిలోనో పట్టుకోండి. సంతకం చేసేముందు ఏం చేస్తారని అర్థం చేసుకున్నారు, తర్వాత ఏం చేశారని తెలిసింది, ఈ రెండూ వాళ్ళ మాటల్లోనే రాయండి. మీరు అరగంట వినాలి, మధ్యలో ఓదార్చకూడదు, సలహా ఇవ్వకూడదు. తర్వాత ఆ ముగ్గురిలో ఒకరికి ముందురాత్రి మీరే నర్సు అనుకుని సంభాషణ రాయండి. నర్సు మాట ఏదీ పది పదాలు దాటకూడదు, కనీసం రెండుచోట్ల మౌనం ఉండాలి. కింద రికార్డు నాలుగు వాక్యాల్లో.

పేరు, ఊరు, ఆసుపత్రి రాయకండి. పోయినసారి ఒకరు పేరూ మంచం నంబరూ కనపడేలా కేస్ షీట్ ఫోటో తీసి పంపారు. తెరవగానే డిలీట్ చేశాను. మీ ఫోనులో కూడా తీసేయండి, గ్యాలరీలోనే కాదు, ట్రాష్‌లో కూడా చూడండి.